ఊరి వీధికీ, హైవే అడ్డరోడ్డుకీ సోలార్ లైట్లు: లెక్క దగ్గర్నుంచి పాత బ్యాటరీ దాకా

రాత్రి తొమ్మిది దాటాక ఒక నోటుబుక్కు, ఒక టార్చిలైటు పట్టుకుని ఊరంతా తిరగండి. మీరు సర్పంచ్ కావచ్చు, వార్డు మెంబరు కావచ్చు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరికి ఏదైనా చేసి వెళ్దామనుకునే డాలస్ అబ్బాయి కావచ్చు. కొటేషన్లు తెప్పించే ముందు ఈ పని చేయండి. ప్రతి స్తంభానికీ ఒక నంబరు వేసుకోండి. లైటు ఉందా, వెలుగుతోందా, ఎన్ని వాట్లు, కరెంటు తీగ అక్కడిదాకా వచ్చిందా అన్నది రాసుకోండి. లైటే లేని మలుపులు, చెరువు కట్ట, శ్మశానం దారి, హైవే మీద బస్సు ఆగే చోటు విడిగా గుర్తు పెట్టుకోండి.

మర్నాడు ఉదయం పదింటికి అదే దారిలో ఇంకో చుట్టు తిరగండి. పట్టపగలు వెలుగుతున్న లైట్లు ఎన్నో లెక్కపెట్టండి. ఉండకపోవడం అరుదు. స్విచ్ వేసే మనిషి పొలానికి వెళ్లిపోయి ఉంటాడు, లేదా టైమరు పాడై ఏడాది అయి ఉంటుంది.

ఈ రెండో చుట్టు ఎందుకంటే, 20 వాట్ల లైట్లు వంద ఉన్న ఊళ్లో అవి పగలు రెండు గంటలు అదనంగా వెలిగితే రోజుకు 4 యూనిట్లు పోయినట్టే. మన తెలుగు రాష్ట్రాల ఎండకు ఒక కిలోవాట్ సోలార్ ప్లాంటు సగటున రోజంతా చేసే కరెంటు కూడా సుమారు అంతే. అంటే టైమరు బాగు చేయకుండా ప్యానెళ్లు పెడితే, అందులో ఒక కిలోవాట్ పగటి లైట్లకే పోతుంది. కాబట్టి ముందు టైమరు బాగు చేయించండి. పాత సోడియం దీపాలు, ట్యూబులు ఇంకా మిగిలి ఉంటే ఎల్‌ఈడీకి మార్చండి. సోలార్ సంగతి ఆ తర్వాత.

తీగ ఉందా, లేదా?

నిర్ణయమంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. సోలార్ వీధి దీపం అనగానే అందరి కళ్ల ముందూ స్తంభం నెత్తిన ప్యానెల్, దాని కింద లైటు కనబడతాయి. కరెంటు తీగ ఉన్న వీధిలో అలాంటివి వేయొద్దన్నది నా మాట. వంద స్తంభాలకు వంద బ్యాటరీలు, వాటి ఛార్జింగ్‌ను అదుపు చేసే వంద కంట్రోలర్లు, వంద ప్యానెళ్లు అంటే పాడవడానికి మూడు వందల వస్తువులు. వాటిని చూసుకునే మనిషి ఊరికి ఒక్కడు కూడా ఉండడు. తీగ ఉన్నచోట పంచాయతీ ఆఫీసు కప్పు మీదో బడి కప్పు మీదో ఒకటే ప్లాంటు పెట్టండి. వీధిలో మామూలు ఎల్‌ఈడీలే ఉంచండి. పగలు చేసిన కరెంటు గ్రిడ్డుకు పోతుంది, రాత్రి గ్రిడ్డు నుంచి లైట్లకు వస్తుంది, మీటరు రెండింటి తేడా చూపిస్తుంది. బ్యాటరీ గొడవే లేదు.

తీగ లేని చోట్లకే విడి స్తంభాలు. అవి ఊరికి పదో ఇరవయ్యో తేలతాయి. అన్నిటినీ చూసుకోవడం సాధ్యమయ్యేది ఆ సంఖ్య చిన్నదిగా ఉంటేనే.

కప్పు మీద ప్లాంటు లెక్క

లైట్ల సంఖ్యను వాట్లతో, వెలిగే గంటలతో హెచ్చించండి. 20 వాట్లవి వంద, 12 గంటలు: 24 యూనిట్లు. కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున 6 కిలోవాట్ల ప్లాంటు సరిపోతుంది. 550 వాట్ల ప్యానెళ్లు 11 పడతాయి. నీడ పడని కప్పు సుమారు 60 చదరపు మీటర్లు, అంటే 650 చదరపు అడుగుల దాకా కావాలి.

తర్వాత కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) అసిస్టెంట్ ఇంజినీరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ మూడు విషయాలు అడగండి. వీధి లైట్ల మీటర్లు ఎన్ని, ఏ సర్వీసు నంబర్ల మీద ఉన్నాయి? చాలా ఊళ్లలో లైట్ల మీటరు వేరు, ఆఫీసు మీటరు వేరు. ఆఫీసు కప్పు మీద చేసిన కరెంటును లైట్ల బిల్లులో సర్దడానికి ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే ప్లాంటును లైట్ల సర్వీసుకే కలిపేలా చోటు వెతకాలి. మూడోది, ఆ సర్వీసుకు మంజూరైన లోడు ఎంత? ఈ మూడూ కాగితం మీద తేలకుండా ప్యానెల్ కొనకండి. తెలంగాణలో టీజీరెడ్కో, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ (ఇప్పటి పేరు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్) సోలార్ పనులకు నోడల్ ఏజెన్సీలు. వాళ్ల జిల్లా ఆఫీసుకు ఒకసారి వెళ్లి కూర్చుంటే సగం అనుమానాలు తీరతాయి. ఊరు కాకుండా కాలనీ సంఘమో అపార్ట్‌మెంటో అయితే, ఉమ్మడి అవసరాల ప్లాంటుకు 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో కిలోవాట్‌కు రూ. 18,000 రాయితీ పెట్టారు. దరఖాస్తు చేసే రోజున నిబంధనలు ఎలా ఉన్నాయో పోర్టల్లో చూసుకోండి.

ఒక సంగతి గ్రామసభలోనే చెప్పేయండి. కరెంటు పోతే ఈ లైట్లూ పోతాయి. కప్పు మీద ప్యానెళ్లున్నాయిగా అని తర్వాత నిలదీస్తారు. గ్రిడ్డుకు కలిపిన ఇన్వర్టరు, లైను చచ్చిపోగానే తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా ఉండటానికే అలా తయారుచేస్తారు.

విడి స్తంభం లెక్క

ఇక్కడ ఓపిగ్గా కూర్చోవాలి. మోసం జరిగేదీ, లైటు ఆరిపోయేదీ ఇక్కడే.

పల్లె దారికి 12 వాట్ల ఎల్‌ఈడీ, 75 వాట్ల ప్యానెల్, 12.8 వోల్టుల 30 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ అన్నది ప్రభుత్వ కొనుగోళ్లలో బాగా నడిచిన జత. అది సరిపోతుందో లేదో మీరే వేసి చూడండి.

సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా పూర్తి వెలుగు. పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా ముప్పై శాతం. నాలుగు నుంచి ఆరు దాకా మళ్లీ పూర్తి వెలుగు. ఇది పాలకేంద్రానికి వెళ్లేవాళ్ల టైము, తగ్గించకండి. మొత్తం 102 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). వైర్లలో, ఎల్‌ఈడీకి కరెంటు అందించే డ్రైవరు సర్క్యూట్‌లో పోయేది కలిపి 120 అనుకోండి. బ్యాటరీలో ఉండేది 12.8ని 30తో హెచ్చిస్తే 384. దాన్ని అడుగంటా తోడకూడదు కాబట్టి 85 శాతం లెక్కన 326. అంటే ఎండ అసలే లేకపోయినా రెండున్నర రాత్రులకు పైనే వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు వేస్తే, ఆ మబ్బులోనూ ప్యానెల్ ఎంతో కొంత చేస్తుంది కాబట్టి గట్టెక్కుతుంది.

ఇక ప్యానెల్. వేసవిలో రోజుకు ఐదు గంటల పైనే నిండు ఎండ లెక్క వస్తుంది గానీ, ఆ ధైర్యంతో కొనకూడదు. ముసురు నెలలకు 3.5 గంటలే వేసుకోండి. దుమ్ము, వేడి, వైర్ల నష్టం పోను 70 శాతమే చేతికొస్తుందనుకోండి. 75 × 3.5 × 0.7 = 184. ఖర్చు 120, మిగులు 64. ముసురు తర్వాత ఖాళీ అయిన బ్యాటరీని నాలుగైదు రోజుల్లో నింపేది ఈ మిగులే. మిగులు లేని ప్యానెల్ పెడితే ఆషాఢంలో మొదటి వారం లైటు వెలుగుతుంది, శ్రావణానికి ఆరిపోతుంది.

ఇదే లెక్కతో మోసాన్నీ పట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో రెండు వేలకో మూడు వేలకో 100 వాట్లని స్టిక్కరు వేసిన సోలార్ లైట్లు కనిపిస్తాయి. దాని ప్యానెల్ స్కూలు పలక కంటే కాస్త పెద్దగా ఉంటుంది. 100 వాట్ల లైటు పన్నెండు గంటలు నిజంగా వెలగాలంటే 1,200 వాట్ అవర్లు కావాలి. ముసురు లెక్కన 490 వాట్ల ప్యానెల్, అంటే రెండు చదరపు మీటర్లకు పైగా అద్దం. స్టిక్కరు చదవకండి, ప్యానెల్‌ను టేపుతో కొలవండి. చదరపు మీటరుకు సుమారు 200 వాట్లు.

ప్యానెల్, బ్యాటరీ, లైటు అన్నీ ఒకే డబ్బాలో ఉండే రకాన్ని ఎక్కించడం తేలిక, అందుకే కాంట్రాక్టర్లకు అదంటే ఇష్టం. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండలో ఆ డబ్బా ఎలా కాలుతుందో ఆలోచించండి. మండే ప్యానెల్‌కు వీపు ఆనించుకుని బ్యాటరీ ఉంటుంది. లిథియం బ్యాటరీ ఆయుష్షును వేడి తినేసినంతగా ఇంకేదీ తినదు. బ్యాటరీ విడి పెట్టెలో, ప్యానెల్ నీడ పడేలా, గాలి ఆడేలా, మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉండే రకం అడగండి. కింద నేల దగ్గర పెట్టిన బ్యాటరీ మాత్రం ఎక్కువ కాలం అక్కడ ఉండదు, ఎత్తుకుపోతారు.

హైవే మీద అయితే

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. జాతీయ రహదారి అయితే జాతీయ రహదారుల సంస్థదో, రాష్ట్ర ఆర్ అండ్ బీలోని ఎన్‌హెచ్ విభాగానిదో అనుమతి కావాలి. రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ. రోడ్డు హద్దులో పంచాయతీ తనంతట తాను స్తంభం పాతకూడదు. రేపు ఏదైనా బండి దానికి గుద్దుకుంటే చిక్కు పంచాయతీకే. టోల్ రోడ్డయితే మీ డబ్బు తీసేముందు ఆ జంక్షన్‌లో లైట్లు వేసే బాధ్యత టోల్ కంపెనీ ఒప్పందంలో ఉందేమో రాతపూర్వకంగా అడగండి. ఉన్న లైట్లు వెలగకపోతే 1033కి ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి.

అనుమతి వచ్చాక, ఊళ్లో వేసిన 12 వాట్ల లైటే ఇక్కడా వేయడం వృథా. వీధి లైటింగ్‌కు మన దేశ ప్రమాణం ఐఎస్ 1944. అందులో ముఖ్యమైన రోడ్లకు సగటున 30 లక్స్ (రోడ్డు మీద పడే వెలుగు కొలత), చిన్న వీధులకు 4 నుంచి 8 లక్స్ అని తరగతులున్నాయి. అడ్డరోడ్డు దగ్గర కనీసం ఎనిమిది మీటర్ల ఎత్తున 40 వాట్ల లైటు అనుకుందాం. పన్నెండు గంటలకు 480, నష్టంతో 550 వాట్ అవర్లు. ప్యానెల్ 225 వాట్లు, రెండున్నర రాత్రులకు బ్యాటరీ 12.8 వోల్టుల మీద సుమారు 125 ఏహెచ్. ఊళ్లోదానికి ప్యానెల్ మూడింతలు, బ్యాటరీ నాలుగింతలు, స్తంభమూ పునాదీ దానికి తగ్గట్టే ఉండాలి.

అర్ధరాత్రి వెలుగు తగ్గించే ఏర్పాటు ఇక్కడ వద్దు. లారీ డ్రైవరుకు కళ్లు మూతలు పడే వేళ రెండు నుంచి నాలుగు. బ్యాటరీ కలిసొస్తుందని ఆ టైములో జంక్షన్‌ను మసక చేయడం కంటే ప్యానెల్ పెద్దది కొనడం మేలు. మనిషి కదలికను చూసి వెలుగు పెంచే సెన్సరు కూడా ఊరి వీధికే పనికొస్తుంది. అది చూడగలిగేది ఎనిమిది, పది మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. లైటు పూర్తిగా వెలిగేసరికి కారు అవతలుంటుంది.

స్తంభం తారు అంచుకు ఆనుకుని ఉండకూడదు. వీలైనంత వెనక్కి, క్రాష్ బ్యారియర్ ఉంటే దాని వెనక పాతాలి. హైవే మీదుగా వచ్చేవాళ్ల కళ్లలోకి కొట్టకుండా లైటు ముఖం కిందికే చూడాలి. దూరం నుంచే కనిపించేలా కాంతి విరజిమ్మే లైటును చూసి ఊరివాళ్లు మురిసిపోతారు గానీ, డ్రైవరుకు దాని కింద నడిచే మనిషి కనబడడు. డబ్బు చాలకపోతే లైట్ల కంటే ముందు సోలార్ బ్లింకర్లు వేయించండి. పసుపుపచ్చగా టపటపా కొట్టుకునే ఆ దీపానికి చిన్న ప్యానెల్ చాలు. ఇక్కడ ఊరుంది, నెమ్మదించు అన్న కబురు దూరం నుంచే చెబుతుంది.

ఈ దశలో గ్రామసభలో ఎవరో ఒకరు రోడ్డు మీదే ప్యానెళ్లు పరిచిన వీడియో చూపించి, మనమూ అలా చేద్దామంటారు. ఫ్రాన్స్‌లో నార్మండీలోని ఒక ఊళ్లో 2016 డిసెంబరులో కిలోమీటరు పొడవున అలా పరిచారు, 50 లక్షల యూరోలు ఖర్చయింది. బండ్ల బరువుకు పలకలు దెబ్బతిన్నాయి, ఆకులు రాలి కప్పేశాయి, చప్పుడు ఎక్కువై వేగం తగ్గించాల్సి వచ్చింది. అనుకున్నంత కరెంటు రాలేదు. ప్యానెల్ బండి చక్రం కింద ఉండాల్సిన వస్తువు కాదు. రోడ్డు పక్కన, రోడ్డు మీద కప్పుగా పెడితే పనిచేస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద 16 మెగావాట్ల ప్యానెళ్ల కప్పు వేశారు. ఢిల్లీని తూర్పు వైపు నుంచి చుట్టి వెళ్లే ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే లైట్లకు కరెంటు రోడ్డు పక్కన కట్టిన సోలార్ ప్లాంట్ల నుంచి వస్తుంది. ఊరివాళ్లకు చూపించదలిస్తే ఇవి చూపించండి.

కొనే కాగితంలో ఏం రాయాలి

డబ్బు ఆర్థిక సంఘం నిధులదైనా, ఎంపీ ల్యాడ్స్‌దైనా, దాతలదైనా, ముందు గ్రామసభ తీర్మానం. అందులో లైట్లు వేయడంతో పాటు ఐదేళ్లు చూసుకోవడానికి డబ్బు ఎక్కడిదో కూడా రాయించండి. దాతలకు నాదొక మనవి: యాభై లైట్లకు ఇచ్చే డబ్బుతో ముప్పై వేయించి, మిగతాది నిర్వహణ ఖాతాలో వేయండి. మీ నాన్నగారి పేరు రాసిన బోర్డు చీకట్లో నిలబడకుండా ఉంటుంది.

టెండరులో వాట్లు రాస్తే చాలదు. బ్యాటరీ రకం, వోల్టులు, ఏహెచ్, ప్యానెల్ వాట్లు, లైటు ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే ల్యూమెన్లు, నీళ్లూ దుమ్మూ దూరని ఐపీ65 తరగతి, బ్యాటరీకి ఐదేళ్ల పూచీ రాయండి. అన్నిటికంటే ముఖ్యం, డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. కొంత భాగం ఆపి, ఏడాదికోసారి లైట్లు లెక్కపెట్టి, వెలిగినవాటికే ఇవ్వండి. ఈ షరతు చూడగానే కొందరు కాంట్రాక్టర్లు తప్పుకుంటారు. తప్పుకోనివ్వండి.

పాతే రోజు

ప్యానెల్ ముఖం దక్షిణానికి ఉండాలి. వాలు మీ ఊరి అక్షాంశం ఎంతో అంత: చిత్తూరులో 13 డిగ్రీలు, హైదరాబాద్‌లో 17, ఆదిలాబాద్‌లో 20కి దగ్గర. చేత్తో గురి చూసి బిగించేస్తుంటారు, ఫోన్‌లోని దిక్సూచి తీసి మీరే చూడండి. లైటు రోడ్డు వైపు తిరిగి ఉందని ప్యానెల్‌నూ అటే తిప్పేయడం మామూలుగా జరిగే పొరపాటు. రెండూ విడివిడిగా తిరగాలి.

దక్షిణం వైపు చెట్టున్నా మేడున్నా, ప్యానెల్ కంటే అది ఎంత పైకి ఉందో అంతకు రెండింతల దూరం వదలండి. పుష్యమాసంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోయి నీడలు బాగా సాగుతాయి. వేసవిలో చూసి నీడ లేదనుకున్న చోటికి డిసెంబరులో వేపచెట్టు నీడ వచ్చేస్తుంది. ఒక మూల నీడ పడ్డా ప్యానెల్ మొత్తం దిగుబడి దెబ్బతింటుంది.

గాలిని తక్కువ అంచనా వేయకండి. స్తంభం చివర ప్యానెల్ తెరచాపలా గాలిని పట్టేస్తుంది. నిర్మాణాల లెక్కకు హైదరాబాద్‌లో గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడ, నెల్లూరులలో 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు తీసుకుంటారు. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకు ఆ అంకె ఎందుకో చెప్పనక్కర్లేదు. తీరప్రాంతంలో రంగు వేసిన ఇనుము ఉప్పుగాలికి ఆగదు, వేడి జింకులో ముంచి తీసిన స్తంభమే తీసుకోండి. నల్లరేగడి నేలలో గుంట లోతు పెంచాలి, ఎంతన్నది ఇంజినీరుతో రాయించుకోండి. కాంక్రీటు పోసిన రోజే స్తంభం ఎత్తనివ్వకండి, వారం రోజులు తడపాలి.

వరి మడి గట్టున లైటు వేస్తుంటే ఆ రైతుతో ఒక మాట చెప్పండి. రాత్రి పొడవును బట్టి పూతకొచ్చే వరి రకాలకు పక్కనే రాత్రంతా తెల్లటి వెలుగుంటే ఆ మేరకు పైరు ఆలస్యంగా ఈనుతుంది. పొలం వైపు రేకు అడ్డం కడితే సరిపోతుంది.

సంతకం పెట్టే ముందు

మూడు పరీక్షలు చేయించండి, మల్టీమీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ చాలు. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ వైరు విప్పి వోల్టులు కొలవండి. 12 వోల్టుల బ్యాటరీకి పెట్టే 75 వాట్ల ప్యానెల్ 20 వోల్టులకు అటూ ఇటూ చూపించాలి, రెండు కొసలూ మీటరుకే ఇస్తే నాలుగు ఆంపియర్లకు అటూ ఇటూ రావాలి. తర్వాత ప్యానెల్ మీద గోనెపట్టా కప్పండి. చీకటి పడిందనుకుని లైటు కాసేపట్లో వెలగాలి, పట్టా తీస్తే ఆరాలి. మూడోది, కాంట్రాక్టరు తప్పించుకోవాలని చూసేది: బ్యాటరీ నిండాక పట్టా అలాగే ఉంచి, టైమరూ వెలుగు తగ్గింపూ లేకుండా పెట్టించి, ఎన్ని గంటలు వెలుగుతుందో చూడటం. 30 ఏహెచ్ నిజమైతే 12 వాట్ల లైటు దాదాపు 24 గంటలు వెలగాలి. పద్నాలుగు గంటలకే ఆరిపోతే లోపలున్నవి పాత సెల్లులో, చెప్పినదానికంటే తక్కువ ఏహెచ్‌వో అయి ఉంటాయి. అన్నిటికీ చేయలేరు, కాబట్టి ఏ స్తంభాలకు చేయాలో మీరే ఎంచండి, వాళ్లను ఎంచనివ్వకండి.

ఆ తర్వాత

ప్రతి స్తంభం మీదా నంబరు, ఫోన్ చేయాల్సిన మనిషి నంబరు పెద్దక్షరాలతో రాయించండి. నెలకోసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉండగా తడిగుడ్డతో తుడిపించండి. మండుటెండలో కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు కొట్టొద్దు. కంకర క్రషర్ దగ్గరున్న ఊళ్లో, నూర్పిళ్ల టైములో పదిహేను రోజులకోసారి తుడవాలి. కాకిరెట్ట వానకు పోదు, గోకకుండా నానబెట్టి తీయాలి. లైటు వెలగట్లేదని ఫిర్యాదు వస్తే ముందు ప్యానెల్ చూడండి, తర్వాత వైరు జాయింట్లు, ఆ తర్వాత బ్యాటరీ. నేరుగా బ్యాటరీ మార్చాలనే మెకానిక్‌ను కొలిచి చూపించమనండి.

ఐదారేళ్లకు బ్యాటరీలు వరసగా దిగిపోతాయి. ఒక్కొక్కటీ పోయేదాకా చూడకుండా నాలుగో ఏడాదే ఆ డబ్బు పంచాయతీ ప్రణాళికలో పెట్టించండి. పాతవాటిని ఇనుప సామాన్లవాడికి అమ్మొద్దు. లిథియం సెల్లుకు సుత్తి దెబ్బ తగిలితే నిప్పంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని వెనక్కి తీసుకునే బాధ్యత దాన్ని తయారుచేసినవాళ్లది. కొత్తవి దింపే బండిలోనే పాతవి లెక్కపెట్టి పంపించి, రసీదు తీసుకోండి.